వంట ఎవరిది? పేరు ఎవరిది?

మిత్రులారా, గత భాగం చదివి కొందరు విద్యార్థులు అడిగారు: "అన్నా, వంటలు అందరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నవే కదా, ఇందులో దొంగతనం ఏముంది?"

నిజమే. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోకపోతే ఏ వంటా బతకదు. అమెరికా కాపీరైట్ చట్టం కూడా ఉత్త పదార్థాల జాబితాకు రక్షణ ఇవ్వదు. తీసుకోవడం మీద నాకు పేచీ లేదు. నేర్పిన మనిషిని తుడిచేయడం మీదే నా పేచీ.

జాక్ డేనియల్ విస్కీ పేరు వినని వాళ్లు తక్కువ. టెనెసీలో డాన్ కాల్ అనే పాస్టర్ దగ్గర పనికి చేరిన కుర్రాడు జాక్. అతనికి విస్కీ కాయడం నేర్పింది నియరెస్ట్ గ్రీన్ అనే నల్లజాతి బానిస. బానిసత్వం పోయాక జాక్ పెట్టిన బట్టీకి మొదటి మాస్టర్ డిస్టిలర్ కూడా ఆయనే. కానీ పాస్టరే నేర్పాడన్న కథే దశాబ్దాల పాటు నడిచింది. 1967లో వచ్చిన జాక్ జీవిత చరిత్రలో గ్రీన్ పేరు ఉంది. అయినా కంపెనీ ఆ పేరును తన చరిత్రలోకి తెచ్చుకున్నది 2016లో, 150 ఏళ్ల వేడుకలప్పుడు. అంటే సాక్ష్యం లేక కాదు, చెప్పాలన్న మనసు లేక.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. మలిండా రస్సెల్ 1866లో మిషిగన్‌లో ఒక చిన్న వంటల పుస్తకం అచ్చేసింది. ఇప్పటిదాకా దొరికిన వాటిలో ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ రాసిన మొదటి వంటల పుస్తకం అది. దాచుకున్న డబ్బంతా దోపిడీలో పోయి, పుస్తకం అమ్మి సొంత ఊరికి పోదామనుకున్న మనిషి ఆమె. అంత ఇబ్బందిలో కూడా తనకు పని నేర్పింది ఫానీ స్టీవర్డ్ అనే నల్లజాతి వంటమనిషి అని ముందుమాటలోనే రాసింది. ఏమీ లేని మనిషి ఒక్క వాక్యంలో తీర్చిన రుణం, అన్నీ ఉన్న కంపెనీ తీర్చడానికి 150 ఏళ్లు పట్టింది.

చదువురాని వాళ్లకు క్రెడిట్ ఎలా ఇస్తామని కొందరంటారు. బానిసత్వంలో పుట్టిన ఆబీ ఫిషర్‌కు చదవడం, రాయడం రాదు. ఆమె నోటితో చెబితే రాసుకున్న పుస్తకం 1881లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆమె పేరుతోనే వచ్చింది.

మన దగ్గర సంగతి ఇంకో రకం. పెద్ద కులాల వాళ్లకు నచ్చిన రుచి "పల్లె రుచి" అయిపోతుంది, దాని మీద చేసిన మనిషి పేరుండదు. నచ్చని దానికి మాత్రం కులం పేరు తగిలిస్తారు. ఎండు తునకలు, నెత్తురు కూర ఎవరివో అందరికీ తెలుసు, అక్కడ ఎవరూ మరిచిపోరు! మరాఠ్వాడాలో మహర్, మాంగ్ వాడల వంటలను షాహు పటోలే 2015లో మరాఠీలో పుస్తకంగా తెచ్చాడు. మన పేరు మనమే గౌరవంగా రాసుకోవడం అంటే అదీ.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నాదొక మాట. మీ అమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో, వాడలో ఏ పెద్దమ్మ దగ్గరో వంట రాసుకుంటే, ఉప్పు కారాల కన్నా ముందు ఆమె పేరు, ఊరు రాయండి. బయట పెట్టేముందు ఆమెను అడగండి. దాని మీద డబ్బు వస్తే ఆమె వాటా ఆమెకివ్వండి. చట్టం అడగదు. మనం అడగాలి.

జై భీమ్. మిగతాది వచ్చే భాగంలో.