చేతిరాత పోయింది, కాగితం పోలేదు
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తుల రిజిస్ట్రేషన్ 1998 దాకా చేతిరాత మీదే నడిచింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద ప్రతి దస్తావేజునూ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో లావుపాటి పుస్తకాల్లోకి అక్షరం పొల్లుపోకుండా నకలు రాసేవారు. ఆస్తిపై ఉన్న లావాదేవీలు, తాకట్లు తెలిపే ధ్రువపత్రం (ఈసీ) కావాలంటే ఏళ్ల తరబడి సూచికలు తిరగేయాలి. అందుకు రోజులు పట్టేవి. మధ్యలో రైతు తిరిగే తిరుగుళ్లు, బస్సు ఛార్జీలు వేరే లెక్క.

1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించే ‘కార్డ్’ పథకం మొదలైంది. నకలు రాసే చోట స్కానింగ్ వచ్చింది, ఈసీ నిమిషాల్లో చేతికందింది. తర్వాత ప్రభుత్వ సేవలను ఒకేచోట అందించే ఈ-సేవ 2001లో, మీ-సేవ 2011లో వచ్చాయి.

కాగితం, ప్రయాణాలు తగ్గుతాయనిపించినా, నిజానికి ఈ మార్పులు పర్యావరణం కోసం తెచ్చినవి కావు. వేగం, లంచాల కట్టడి అసలు ఉద్దేశాలు. ప్రయాణాలు తగ్గితే మిగిలే ఇంధనం అడగకుండా వచ్చిన లాభం. కాగితం సంగతి వేరు. కంప్యూటర్ వచ్చాక ప్రింటు తీయడం తేలికైంది, ప్రతి దరఖాస్తుకూ జిరాక్సులు జతచేయడం అలవాటైంది. పైగా సర్వర్లకు రాత్రింబవళ్లూ కరెంటు కావాలి.

తెలంగాణలో 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాయి. పట్టాదారు పాసు పుస్తకం మాత్రం ఇప్పటికీ అచ్చు పుస్తకమే.