బేరానికి ఒప్పుకోని కొడుకు

1933 ఏప్రిల్. బొంబాయి. ఏడేళ్ల కింద పైచదువులకు వెళ్లిన కొడుకు ఓడ దిగుతున్నాడంటే పంజాబు నుంచి అమ్మానాన్నలు ఎదురొచ్చారు. పిల్లవాడు ఇంజనీరై వస్తున్నాడు. క్రైస్తవుడై కూడా వస్తున్నాడు.

తండ్రి పెట్టిన షరతు చాలా చిన్నది. ఏసును నమ్ముకుంటే నమ్ముకో, బయట మాత్రం చెప్పకు. ఇంటి పరువు నిలబెట్టు, ఇల్లు నీదే. పాతికేళ్లు దాటిన ఏ కొడుకైనా తలూపి, తర్వాత చూసుకుందాంలే అనుకునేవాడు. ఇతను కుదరదన్నాడు. తన ప్రాణమే అయినవాణ్ణి దాచిపెట్టి ఎట్లా బతకాలన్నది అతని జవాబు. వాళ్లు ఊరికి తిరిగి వెళ్లిపోయారు. ఇతను బొంబాయి వీధుల్లో మిగిలాడు.

అతనే భక్తసింగ్. తర్వాతి రోజుల్లో హైదరాబాదు హెబ్రోను సంఘపు భక్తసింగ్ గారు.

వికారాబాదుకూ తాండూరుకూ నడుమ ధారూరులో 1923 నుంచి మెథడిస్టు జాతర జరుగుతోంది. నవంబరు వచ్చిందంటే ఇళ్లకు తాళాలేసి, సామాను సర్దుకుని, పిల్లాజెల్లాతో వెళ్లి గుడారాల్లో ఉంటారు. భక్తసింగ్ మెథడిస్టు కాదు, ఏ మిషనుకూ చెందలేదు. అయినా ఇలాంటి జాతరలకు వెళ్తూ పెరిగినవాళ్లకు ఆయన కథ సులువుగా అందుతుంది. అలాంటి కూటాల్లో తాగుడు మానేశాను, పేకాట మానేశాను అనే సాక్ష్యాలు మనం చాలా విన్నాం. నిజం చెప్పాలంటే అవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

భక్తసింగ్ కథ మొదలు కూడా అంతే. 1903లో సిక్కుల ఇంట, కలిగిన కుటుంబంలో పుట్టాడు. బహుమతిగా వచ్చిన బైబిలును చించేసి, తోలు అట్ట బాగుందని అదొక్కటే ఉంచుకున్నాడు. మతం మారనని తల్లికి మాటిచ్చి 1926లో ఇంగ్లండు వెళ్లాడు. అక్కడ జుట్టు కత్తిరించుకున్నాడు. సిగరెట్లు, మందు, నాటకశాలలు, యూరప్ షికార్లు. సుఖానికి కరువు లేదు, అనుభవించి చూడలేదని ఎవరూ అనలేరు.

1928లో కెనడా వెళ్లే ఓడలో, భోజనాల హాల్లో ఆరాధన జరుగుతుంటే చూద్దామని కూర్చున్నాడు. అందరూ మోకరించారు. లేచిపోదామంటే అటూ ఇటూ మోకాళ్ల మీద మనుషులు. మసీదుకు వెళ్తే చెప్పులు విడుస్తాం కదా, ఇక్కడ మోకరిస్తే పోయేదేముందని తనకు తానే చెప్పుకుని వంగాడు. మర్యాద కోసం వంగినవాడికి లోపల ఏదో కదిలింది. మరుసటి ఏడు డిసెంబరులో, విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ణి బైబిలు అడిగి తెచ్చుకుని, తెల్లవారుజాము దాకా చదివాడు.

నాకు ఇంతకన్నా పెద్దగా అనిపించే ఘట్టం 1932లో జరిగింది. ఫిబ్రవరిలో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. సంపాదించి డబ్బిస్తాను, సేవకు మాత్రం నన్ను పిలవకు అని దేవుడితోనే బేరం పెట్టాడు. చివరికి ఓడిపోయింది అతనే. అతను ఒప్పుకున్నది ఇది: సొంత ఆస్తి ఉండదు, అవసరాలకు ఎవరినీ అడగడు, సొంత పథకాలు వేసుకోడు. ఇది జరిగితే అది చెల్లిస్తామని మొక్కుకునేవాళ్లం మనం. అతని ఒప్పందంలో మాత్రం దేవుడు తీర్చవలసిన కోరిక ఒక్కటీ లేదు. సిగరెట్టు వదలడం దీని ముందు ఎంత? దేవుడితో బేరం అప్పుడే తెగిపోయింది కనకనే బొంబాయిలో తండ్రి ఇవ్వజూపిన ఇల్లు అతన్ని ఆపలేదు.

ఆ తర్వాత కరాచీ, పంజాబు, మద్రాసు. 1950లో హైదరాబాదులో హెబ్రోను. అక్కడి కూటాల్లో వేలమంది కులం అడగకుండా నేలమీద వరసగా కూర్చుని ప్రేమ విందు తిన్నారు. చందా ఇమ్మని ఎవరినీ అడిగేవాళ్లు కాదు, ప్రార్థనే చేసేవాళ్లు.

చివరి ఏళ్లు పార్కిన్సన్ వ్యాధి ఆయన్ని మంచాన పడేసింది. 2000 సెప్టెంబరు 17న, తొంభై ఏడేళ్ల వయసులో కన్నుమూశారు. నారాయణగూడ శ్మశానం దాకా జనం నడిచారు.