ఆర్‌వీకి రోడ్ సైడ్ కవర్ ఉంది కదా అని బయల్దేరుతున్నారా? కారును లాక్కెళ్లి ట్రైలర్‌ను రోడ్డు మీదే వదిలేయొచ్చు.. కొనేముందు ఇవి అడగండి

అమెరికాలో సమ్మర్ వచ్చిందంటే చాలు.. పిల్లలకు సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నల రాక, లాంగ్ ట్రిప్పుల ప్లాన్లు. డల్లాస్, అట్లాంటా, న్యూజెర్సీల్లో ఉండే తెలుగు కుటుంబాలు కూడా ఇప్పుడు ఆర్‌వీ అద్దెకు తీసుకునో, సొంతంగా ట్రైలర్ కొనుక్కునో ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ దారి పడుతున్నాయి. ఇంట్లో వంట అలవాటైన పెద్దవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. బండిలోనే స్టవ్, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ ఉంటాయి.

అయితే బండి ఆగిపోతే? కారు ఆగిపోవడం వేరు, ఇల్లు లాంటి బండి ఆగిపోవడం వేరు. కారుకు తీసుకున్న రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఆర్‌వీకి కూడా పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కారు వెళ్తుంది.. మరి ట్రైలర్?

ఒక ఉదాహరణ చూద్దాం. పికప్ ట్రక్కు వెనక ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని ఓ కుటుంబం వయోమింగ్‌లో వెళ్తోంది. ట్రక్కు ట్రాన్స్‌మిషన్ పోయింది. ఫోన్ చేస్తే టో ట్రక్ వచ్చింది. డ్రైవర్ పికప్‌ను ఎక్కించుకున్నాడు. ట్రైలర్ సంగతేంటని అడిగితే.. మీ ప్లాన్‌లో అది లేదన్నాడు. అంటే ట్రైలర్ రోడ్డు పక్కనే ఉంటుంది. అందులోనే లగేజీ, ఫ్రిజ్‌లో తాతగారి ఇన్సులిన్ ఉన్నాయి.

అందుకే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. లాగే బండి ఆగిపోతే ట్రైలర్‌ను ఎవరు తీసుకెళ్తారు? ట్రైలర్‌కే ఇబ్బంది వస్తే దాన్ని లాగుతారా? రెండింటికీ 'అవును' అనే జవాబు రాతపూర్వకంగా, మెంబర్ గైడ్‌లో ఉండాలి. ఫోన్‌లో సేల్స్ వాళ్లు చెప్పే మాట లెక్కలోకి రాదు.

ఉదాహరణకు అమెరికాలో అందరికీ తెలిసిన ట్రిపుల్ ఏ తీసుకోండి. 1902 నుంచి ఉన్న సంస్థ. క్లాసిక్, ప్లస్, ప్రీమియర్ అని మెంబర్‌షిప్‌లు ఉంటాయి. క్లాసిక్‌లో ఉచిత టోయింగ్ కొద్ది మైళ్లే. ప్లస్‌లో 100 మైళ్ల వరకు వస్తుంది. ప్రీమియర్‌లో ఒక్కసారికి 200 మైళ్ల వరకు ఇస్తారు. అయితే మోటార్‌హోమ్‌కు, ట్రైలర్‌కు కూడా ఆ లాభం కావాలంటే చాలా క్లబ్బుల్లో ఆర్‌వీ కవర్‌ను విడిగా జత చేసుకోవాలి. పైగా ట్రిపుల్ ఏ అంటే ఒకే కంపెనీ కాదు, ప్రాంతాల వారీ క్లబ్బుల సమాఖ్య. టెక్సాస్ ఫ్రెండ్‌కు వచ్చింది న్యూజెర్సీలో మీకూ అలాగే వస్తుందన్న గ్యారంటీ లేదు.

ఆర్‌వీల కోసమే ఉన్న ప్లాన్లు కూడా ఉన్నాయి. గుడ్ శామ్, కోచ్‌నెట్ లాంటివి. వీటిలో మైళ్ల లెక్క ఉండదు, దగ్గర్లోని సర్వీస్ సెంటర్ వరకు ఎంత దూరమైనా తీసుకెళ్తామంటాయి. ఇక ప్రోగ్రెసివ్ లాంటి బీమా కంపెనీలు ఆర్‌వీ పాలసీతో పాటే రోడ్ సైడ్ కవర్‌ను అమ్ముతాయి.

మెంబర్‌షిప్‌కూ బీమా యాడ్ ఆన్‌కూ ఓ ముఖ్యమైన తేడా ఉంది. మెంబర్‌షిప్ సాధారణంగా మనిషిని బట్టి ఉంటుంది. బీమా యాడ్ ఆన్ బండిని బట్టి ఉంటుంది. సొంత ఆర్‌వీ లేకుండా ఏడాదికోసారి అద్దెకు తీసుకునేవాళ్లకు బీమా యాడ్ ఆన్‌తో పని లేదు. మెంబర్‌షిప్ ఎంచుకుంటే భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆయన పేరు మీద కార్డు ఉండి, బండి ఆమె నడుపుతుంటే కొన్ని ప్లాన్లలో పేచీ వస్తుంది.

క్రెడిట్ కార్డుతో వచ్చే రోడ్ సైడ్ సర్వీస్‌ను మాత్రం ఆర్‌వీ విషయంలో నమ్ముకోకపోవడమే మంచిది. చాలావాటిలో వాళ్లు ట్రక్కును పంపిస్తారంతే, డబ్బు మీరే కట్టాలి. ట్రైలర్లు, క్యాంపర్లు మినహాయింపుల్లో ఉండటం మామూలే.

'దగ్గర్లోని' అనే మాటతో జాగ్రత్త

దగ్గర్లోని సర్వీస్ సెంటర్ అంటే ఏది? దీన్ని తేల్చేది కంపెనీయే. ఫోర్డ్ ఈ450 ఛాసిస్ మీద కట్టిన క్లాస్ సీ మోటార్‌హోమ్‌ను దగ్గర్లో ఉంది కదా అని మామూలు ఫోర్డ్ షోరూమ్‌కు తీసుకెళ్తే.. అక్కడి షెడ్డు తలుపులో బండి పట్టకపోవచ్చు, దాన్ని ఎత్తే లిఫ్ట్ కూడా ఉండకపోవచ్చు. అప్పుడు రెండో టోయింగ్ ఖర్చు ఎవరిది? అందుకే 'ఆ బండిని రిపేర్ చేయగల సెంటర్' అని రాసి ఉన్న ప్లానే మేలు. 100 మైళ్లు అని చూసి సంతోషించేవాళ్లు ఒకసారి మ్యాప్ తీసి చూడాలి. నెవాడా, మోంటానా లాంటి చోట్ల పెద్ద బండ్లను చూసే వర్క్‌షాప్ అంతకంటే దూరంలో ఉండే అవకాశం ఉంది.

బరువు సంగతి మరీ ముఖ్యం. వెనక డీజిల్ ఇంజిన్ ఉండే క్లాస్ ఏ బండి 30 వేల పౌండ్లు దాటొచ్చు. మామూలు ఫ్లాట్‌బెడ్ దాన్ని మోయలేదు, హెవీ డ్యూటీ రెక్కర్ రావాలి. ముందు చక్రాలు పైకెత్తి, డ్రైవ్ షాఫ్ట్ విప్పి, ఎయిర్ బ్రేకులు వదలడానికి గాలి పైపు తగిలించి లాగాలి. దీనికి గంటల లెక్కన బిల్లు వేస్తారు. కవర్ లేకపోతే వేల డాలర్లు అయ్యే పని ఇది. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అయితే హిచ్ పికప్ బెడ్‌లో ఉంటుంది కాబట్టి, దానికి తగిన పరికరం ఉన్న ట్రక్కే రావాలి. ప్లాన్‌లో బరువు, పొడవు పరిమితి ఎంతో చూసి, బండి తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉండే జీవీడబ్ల్యూఆర్ అంకెతో పోల్చుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

కవర్ ఉన్నా డబ్బు కట్టాల్సిన చోట్లు

పెన్సిల్వేనియా టర్న్‌పైక్, న్యూయార్క్ త్రూవే లాంటి టోల్ రోడ్ల మీదకు అనుమతి ఉన్న టోయింగ్ సంస్థలే వస్తాయి. మీ ప్లాన్ పంపే ట్రక్కు అక్కడికి రాదు. ముందు జేబులోంచి కట్టి, రసీదు పెట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. ఆ క్లెయిమ్ ఎంతవరకు ఇస్తారో కొనేముందే తెలుసుకోవాలి.

యాక్సిడెంట్ తర్వాత పోలీసులు పిలిపించిన టోయింగ్ ఈ ప్లాన్ల కింద సాధారణంగా రాదు. అది బీమా పాలసీ చూసుకోవాల్సిన ఖర్చు.

మట్టి దారుల మీద క్యాంపింగ్‌కు వెళ్లి ఇసుకలో దిగబడితే? వించ్‌తో లాగే సర్వీస్ చాలా ప్లాన్లలో పక్కా రోడ్డుకు దగ్గర్లో ఉంటేనే వర్తిస్తుంది. ఇంటి ముందు పార్క్ చేసినప్పుడు ఆగిపోయినా, స్టోరేజ్ యార్డ్‌లో స్టార్ట్ కాకపోయినా వస్తారా అన్నది ఇంకో ప్రశ్న. ప్లాన్ కొన్న వెంటనే అన్నీ అమల్లోకి రావు, కొన్నింటిలో కొద్ది రోజుల వెయిటింగ్ ఉంటుంది. శుక్రవారం కొని శనివారం బయల్దేరేవాళ్లకు ఇది తగులుతుంది.

టైరు పగిలితే వాళ్లు వచ్చి మీ స్పేర్ బిగిస్తారు. స్పేర్ తెచ్చివ్వరు. పెద్ద మోటార్‌హోమ్‌లలో చాలావాటికి అసలు స్పేరే ఉండదు. ఇలాంటప్పుడు కొత్త టైరు తెప్పించి బిగించే ప్లాన్ ఉపయోగపడుతుంది. టైరు డబ్బులు మాత్రం మనవే.

ట్రైలర్ టైర్ల విషయంలో ఇంకో మాట. పక్కన డాట్ అని ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు కొత్తగా కనిపించినా ఎండలో ఏళ్ల తరబడి నిలబడ్డ టైరు హైవే మీద పేలిపోతుంది. చాలా ట్రైలర్ టైర్లు గంటకు 65 మైళ్ల వేగానికే తయారైనవి. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే బండ్లకు 55 మైళ్లే పరిమితి.

ఆరుగురు ఉన్నారు.. టో ట్రక్‌లో రెండే సీట్లు

బండి గురించి వంద ప్రశ్నలు అడిగేవాళ్లు కూడా మరిచిపోయేది ఇదే. టో ట్రక్ క్యాబిన్‌లో ఒకరిద్దరికే చోటు ఉంటుంది. లాగుతున్న ట్రైలర్‌లో గానీ మోటార్‌హోమ్‌లో గానీ మనుషుల్ని కూర్చోనివ్వరు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నప్పుడు మిగతావాళ్లు ఎలా వెళ్లాలి? ఊళ్లు దూరదూరంగా ఉండే చోట క్యాబ్ దొరకడం కష్టం.

ట్రిప్ ఇంటరప్షన్ అనే కవర్ ఇలాంటి సమయంలోనే అక్కరకొస్తుంది. హోటల్, భోజనం, అద్దె కారు ఖర్చులు ఒక పరిమితి వరకు తిరిగి ఇస్తారు. చాలా ప్లాన్లలో ఇంటికి 100 మైళ్లు దాటిన తర్వాత ఆగిపోతేనే ఇది వర్తిస్తుంది. ముందు మీరే కట్టాలి కాబట్టి రసీదులు దాచుకోవాలి. మందులు, పాస్‌పోర్టులు ఉన్న బ్యాగును ట్రైలర్‌లో కాకుండా కూర్చునే బండిలోనే పెట్టుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

అద్దె బండి అయితే కంపెనీ వాళ్లే రోడ్ సైడ్ సర్వీస్ నంబర్ ఇస్తారు. అందులో టైర్ల ఖర్చు ఎవరిది, బండి రిపేర్ అయ్యేదాకా రోజువారీ అద్దె వెనక్కి ఇస్తారా, ఏ దారుల్లో వెళ్లకూడదు అన్నవి అగ్రిమెంట్‌లో ఉంటాయి. కొన్ని కంపెనీలు వేసవిలో డెత్ వ్యాలీకి అనుమతించవు. ఆ నిబంధన మీరితే కవర్ కూడా పోతుంది. ఇల్లు మారడానికి యూ హాల్ ట్రైలర్ తీసుకునే స్టూడెంట్లకు మరో విషయం. ట్రైలర్ చెడిపోతే సంగతి వేరు, దాన్ని లాగే మీ కారు చెడిపోతే అది మీ బాధ్యతే.

ఫోన్ చేసేటప్పుడు

ఇండియాలో నేషనల్ హైవే మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేస్తాం. అమెరికాలో దేశమంతటికీ అలాంటి ఒకే నంబర్ లేదు. 911 ప్రమాదం ఉన్నప్పుడే. అయితే కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ పెట్రోలింగ్ బండ్లు ఉచితంగా సాయం చేస్తాయి. అట్లాంటా చుట్టూ హీరో యూనిట్లు ఉంటాయి, 511కి ఫోన్ చేయొచ్చు. ఫ్లోరిడాలో రోడ్ రేంజర్లు, కాలిఫోర్నియాలో ఫ్రీవే సర్వీస్ పెట్రోల్ ఉన్నాయి. ఇవి దూరం లాక్కెళ్లవు, ప్రమాదకరమైన చోటు నుంచి పక్కకు తప్పిస్తాయి.

ప్లాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసినప్పుడు హైవే నంబర్, ఏ దిక్కుకు వెళ్తున్నారు, దగ్గర్లోని మైల్ మార్కర్ చెప్పాలి. బండి పొడవు, ఎత్తు, బరువు, హిచ్ రకం, ఎంతమంది ఉన్నారు అన్నవీ చెప్పాలి. స్లైడ్ అవుట్ బయటికి వచ్చి ఇరుక్కుపోయి ఉంటే అది మొదటే చెప్పాలి. లోపలికి తోయకుండా ఆ బండిని లాగడం కుదరదు. ఎల్లోస్టోన్‌లో చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. కాబట్టి ఈ వివరాలు, మెంబర్ నంబర్ యాప్‌లో ఉన్నాయి కదా అని వదిలేయకుండా కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోవాలి.