తెరకు లొంగిన పేజీ

వెబ్ పేజీకి స్థిరమైన కొలత ఉండాలన్న పట్టుదల అచ్చు పత్రికల నుంచి వచ్చింది. వెబ్ స్వభావంలో అది లేదు. 1995లో నెట్‌స్కేప్ 1.1 బ్రౌజర్ పేజీ వెనుక బొమ్మ పరిచే సదుపాయం తెచ్చింది. బొమ్మ చిన్నదే అయినా బ్రౌజర్ దాన్ని అడ్డంగా, నిలువుగా పదేపదే పేర్చి, తెర ఎంతుంటే అంతా నింపేది. నెమ్మదైన డయల్-అప్ మోడెమ్‌ల కాలానికి చిన్న ఫైలుతో సరిపెట్టే ఆ పొదుపు ఎంతో అవసరం. అయితే డిజైనర్లు 640, 800, 1024 పిక్సెళ్ల తెరలను లెక్కగట్టి, పేజీని 760కో 960కో బిగించే అలవాటులో పడ్డారు. మానిటర్లు పెరిగినప్పుడల్లా ఆ లెక్క పాతబడింది. ఈ బిగింపును 2000లోనే వెబ్ డిజైన్ రచయిత జాన్ ఆల్సాప్ ప్రశ్నించారు. 2007లో ఐఫోన్ వచ్చి, అరచేతి తెరపైకి పూర్తి వెబ్ పేజీలను తెచ్చింది. 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ తెరను బట్టి మారే అమరికకు ‘రెస్పాన్సివ్’ అని పేరు పెట్టారు.

కొలత బిగించకపోతే పెద్ద తెరపై వాక్యాలు బారెడు సాగి చదవడం కష్టమవుతుందనే వాదన ఉంది. అది న్యాయమైనదే. కానీ దానికి గరిష్ఠ వెడల్పు అనే హద్దు చాలు. చిన్న తెరను శిక్షించనక్కర్లేదు. ఒకే పెద్ద ఫొటోను నేపథ్యంగా పరిస్తే అంచులు తెగుతాయన్నదీ నిజమే. పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ భాషలోని ‘కవర్’ పద్ధతి తెరను నింపడానికి ఆ మూల్యం చెల్లిస్తుంది. అందుకే ముఖ్యమైన విషయాన్ని నేపథ్యానికి అప్పగించకూడదు. చదివేవారి తెర ఎంతో నిర్ణయించే హక్కు డిజైనర్‌కు ఏనాడూ లేదు. ఈ చరిత్ర నేర్పే పాఠం అదే.