కారు కుదుపు, రోడ్డు పట్టు: స్ప్రింగుల కథ

హైదరాబాదు నుంచి ముంబయి పోయే జాతీయ రహదారి పటాన్‌చెరు దాటి, సంగారెడ్డి పక్కగా, సదాశివపేట మీదుగా జహీరాబాదు చేరుతుంది. బండి చక్రానికీ, బండిలో కూర్చున్న మనిషికీ మధ్య ఏముండాలి అన్న ప్రశ్నకు మానవుడు కనిపెట్టిన సమాధానాలు ఇంచుమించు అన్నీ ఈ దారి చుట్టుపక్కలనే చూడవచ్చు. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం, ఎద్దులు లాగే పనిముట్ల బండిని గాలి టైర్ల మీద నడిపించింది. సదాశివపేట దగ్గర ఎం.ఆర్.ఎఫ్. వారి టైర్ల కర్మాగారం ఉన్నది. జహీరాబాదులో 1980లలో ఆల్విన్ సంస్థ, జపాను నిస్సాన్ కంపెనీ సహకారంతో తేలిక లారీలు చేయడం ప్రారంభించింది; ఆ కర్మాగారం తరువాత మహీంద్రా వారి చేతికి వచ్చింది. ఆ లారీల వెనుక ఇరుసును మోసినవి కమాను పట్టీలు. ఎద్దుమైలారంలో 1984లో ఏర్పడిన ఆయుధ కర్మాగారం నుంచి వచ్చే ‘సారథ్’ పోరాట వాహనమో, కమాను పట్టీలూ చుట్ట స్ప్రింగులూ లేకుండా మెలితిరిగే ఉక్కు కడ్డీల మీద పరుగెత్తుతుంది.

ఇదే ప్రాంతపు కాలనీలలో మరొక రకం బండి కూడా అక్కడక్కడ కనబడుతుంది. వెనుక తలుపు పైకి తెరుచుకునే చిన్న కారులో, దాని ఒంటికి మించిన బలం గల ఇంజను అమర్చితే దాన్ని హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటారు. మన దేశంలో 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6 అటువంటిది, దాని శక్తి సుమారు 100 అశ్వశక్తులు. ఇరవై యేండ్లు దాటిన ఈ కార్లు సెకండ్ హ్యాండులో చవకగా దొరుకుతాయి గనుక, వేగమంటే ఇష్టమున్న కుర్రవాడు మొదట చూసేది వీటివైపే. కొన్న వారానికి రెండు లోపాలు బయటపడతాయి. గుంతలో దిగితే నడుము అదురుతుంది. మలుపులో కారు ఒక పక్కకు ఒరుగుతుంది. స్నేహితులు చెప్పే మందు ఒక్కటే: స్ప్రింగు ఒక చుట్టు కోయించు, కారు కిందికి దిగి గట్టిపడుతుంది, అప్పుడు పందెపు కారులాగా తిరుగుతుంది. ఈ సలహాలో నిజం కొంత లేకపోలేదు. కాని స్ప్రింగుల చరిత్ర దాదాపు దీనికి ఎదురుగా నడిచింది.

స్ప్రింగు లేని బండికి రోడ్డు ఎంత ఎగిరితే మనిషీ అంత ఎగురుతాడు. ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ 1804 ప్రాంతంలో ఉక్కు పట్టీలను విల్లులాగా వంచి, రెండు విల్లులను ఎదురెదురుగా కలిపి గుర్రపుబండి కింద అమర్చాడు. 1888లో బెల్‌ఫాస్టులో డన్లప్ సైకిలు చక్రానికి గాలి రబ్బరు తొడిగాడు. గాలి కూడా స్ప్రింగే. పైగా బరువు లేని స్ప్రింగు. మన రైతు తన ఎడ్లబండికి పాత లారీ టైర్లు వేయించి ‘టైరు బండి’ అని పేరు పెట్టుకున్నప్పుడు డన్లప్ పేరు విని ఉండకపోవచ్చు గాని, చేసిన పని మాత్రం అదే.

నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను తెరిచింది. ఆనాటి బస్సులన్నిటికీ కమాను పట్టీలే ఆధారం. పట్టీల కట్టలో ఒక గుణమున్నది. వంగేటప్పుడు పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఆ ఘర్షణ ఊగుడును కొంత చల్లారుస్తుంది. తుప్పుపట్టితే అసలు కదలవు, నూనె పెడితే అతిగా ఊగుతాయి. స్ప్రింగు పనీ, ఊగుడును ఆపే పనీ ఒకే వస్తువు మీద వేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. చుట్ట స్ప్రింగు వచ్చిన తరువాత ఆ రెండు పనులూ విడిపోయాయి. ఊగుడును ఆపేది షాక్ అబ్జార్బరు. గొట్టంలో నూనె సన్నని రంధ్రాలగుండా దూరుతూ, చక్రపు కదలికలోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. పేరును బట్టి అది దెబ్బను మింగుతుందని చాలామంది అనుకుంటారు. దెబ్బను మింగేది స్ప్రింగు. ఇది స్ప్రింగు నోరు మూయిస్తుంది, అంతే.

గట్టిదా, మెత్తదా అనే వాదాన్ని లెక్కలలోకి దించినవాడు మారిస్ ఆలీ అనే ఇంగ్లీషు ఇంజనీరు. ఆయన 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థలో చేరాడు. బరువులను ముందుకూ వెనుకకూ జరపడానికి వీలుగా ఒక పెద్ద కారును సిద్ధం చేసి, స్ప్రింగులు మారుస్తూ, అందులో కూర్చుని తిరిగి చూశాడు. ఆ రోజుల్లో కార్లకు ముందు స్ప్రింగులు గట్టిగా, వెనుకవి మెత్తగా ఉండేవి. ఆలీ దీన్ని తలకిందులు చేయాలన్నాడు. కారణం సులభం. గతుకు మొదట ముందు చక్రాలకు తగులుతుంది, తరువాత వెనుక చక్రాలకు. ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఈ ఆలస్యం సెకనులో ఏడోవంతు. ముందు భాగం నెమ్మదిగా, వెనుక భాగం కొంచెం త్వరగా ఊగేటట్లు చేస్తే, ఆలస్యంగా బయలుదేరిన వెనుక భాగం ముందు భాగాన్ని అందుకుంటుంది. కారు ముక్కు పైకీ కిందికీ ఊగకుండా, మొత్తం ఒక బల్లలాగా లేచి దిగుతుంది. కడుపులో తిప్పేది ముక్కు ఊపే గాని, ఈ సమమైన లేవడం కాదు.

సంగారెడ్డి ప్రాంతానికి ఇది పుస్తకపు విషయం కాదు. ఇక్కడ ఎర్రనేలలతో పాటు నల్లరేగడి కూడా విస్తారం. ఇక్రిశాట్‌కు పటాన్‌చెరును ఎంచుకోవడానికి ఈ రెండు రకాల నేలలూ ఒకేచోట దొరకడం ఒక కారణం. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు గుంత పడకపోయినా అలలు తిరుగుతుంది. పదకొండు మీటర్ల అల మీద 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు సెకనుకు ఒకటిన్నర సార్లు ఊపు తగులుతుంది. చిన్న కార్ల సహజ పౌనఃపున్యం కూడా ఇంచుమించు అదే! అనునాదం అంటే ఏమిటో తరగతిలో శ్రుతిదండంతో చూపే ఉపాధ్యాయుడు ఈ రోడ్డును కూడా ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడ కారును కాపాడేది స్ప్రింగు గట్టితనం కాదు, షాక్ అబ్జార్బరు ఆరోగ్యం.

హాట్ హ్యాచ్‌బ్యాక్‌కు ఆ పేరు తెచ్చిపెట్టిన కారు పుట్టుక కూడా ఈ పాఠమే చెబుతుంది. 1974లో ఫోక్స్‌వాగన్ సంస్థలో కొద్దిమంది ఇంజనీర్లు, పై అధికారుల నుంచి ఆజ్ఞ లేకుండానే, వేగపు కారు ఒకటి చేయాలని పూనుకున్నారు. వారి మొదటి నమూనా చాలా కిందికి దించినది, చాలా గట్టిది, మోత సరేసరి. పందెపు మైదానానికి తగునేమో గాని రోజూ ఎక్కి తిరగడానికి పనికిరాదని తేలింది. అప్పుడు హెర్బర్ట్ షూస్టర్ అనే ఇంజనీరు దాన్ని మెత్తబరిచి, గట్టి స్ప్రింగులకు బదులు ముందూ వెనుకా అడ్డకడ్డీలు వాడి, నిలకడ సాధించాడు. 1975 ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపి, 1976లో అమ్మకానికి పెట్టిన గోల్ఫ్ జి.టి.ఐ. అదే. 110 అశ్వశక్తులు, సుమారు 800 కిలోల బరువు. మొదట 5,000 కార్లే అమ్ముదామనుకున్నారు, అమ్ముడుపోయినవి లక్షలు.

ఈ అడ్డకడ్డీ చేసే పని తెలిస్తే సగం శాస్త్రం తెలిసినట్లే. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది భారం బయటి చక్రాల మీదికి పోతుంది. వెయ్యి కిలోల కారు, దాని గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున, చక్రాల నడుమ వెడల్పు 1.4 మీటర్లు అనుకుందాం. మలుపు త్వరణం గురుత్వ త్వరణంలో సగమైతే, బదిలీ అయ్యే భారం 1000 × 0.5 × 0.5 ÷ 1.4, అంటే దాదాపు 180 కిలోలు. ఈ లెక్కలో స్ప్రింగు ఊసే లేదు. స్ప్రింగు ఎంత గట్టిదైనా ఆ 180 కిలోలలో చెప్పుకోదగినంత తగ్గదు. ఒరుగుడు తగ్గితే పట్టు పెరిగిందనుకోవడం కంటి భ్రమ. స్ప్రింగులూ అడ్డకడ్డీలూ నిర్ణయించేది ఒక్కటే: ఆ భారంలో ముందు ఇరుసు వాటా ఎంత, వెనుక ఇరుసు వాటా ఎంత అన్నది. భారం రెట్టింపైనంత మాత్రాన టైరు పట్టు రెట్టింపు కాదు గనుక, ఎక్కువ వాటా మోసిన ఇరుసు ముందుగా జారుతుంది. ముందు చక్రాలే లాగే కారుకు సహజంగా ముందు భాగం బరువు. మలుపులో ముక్కు బయటికి పోతుంది. వెనుక అడ్డకడ్డీ వేస్తే వెనుక వాటా పెరిగి, ముందు టైర్లకు ఊపిరి అందుతుంది. పాత గోల్ఫ్ మలుపులో వెనుక లోపలి చక్రాన్ని, కుక్క కాలెత్తినట్లు, గాలిలోకి లేపడం ఇందుకే.

ఇక స్ప్రింగు కోత సంగతి. చుట్టలు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. పనిచేసే ఆరు చుట్టలలో ఒకటి కోస్తే గట్టితనం 20 శాతం పెరుగుతుంది. అసలు ముప్పు వేరేచోట ఉన్నది. చక్రం పైకి కదలడానికి ఉన్న జాగాలో నాలుగు సెంటీమీటర్లు తినేస్తే, వేగనిరోధకం దగ్గరో నిండు మలుపులోనో చక్రం రబ్బరు అడ్డానికి కొట్టుకుంటుంది. ఆ క్షణంలో స్ప్రింగు రాయితో సమానం. ఆ టైరు మీద భారం ఒక్కసారిగా ఎగసి, పట్టు తప్పుతుంది. చక్రం వేలాడినప్పుడు కురచ స్ప్రింగు తన గిన్నెలోంచి జారిపోనూవచ్చు. మరొక వింత ఉన్నది. నేటి చిన్న కార్లకు ముందు భాగంలో ఉండేది మాక్‌ఫర్సన్ అనే అమెరికను ఇంజనీరు 1940లలో రూపొందించిన అమరిక; షాక్ అబ్జార్బరే అందులో చక్రాన్ని నిలబెట్టే స్తంభం. కారును మరీ దించితే దాని కింది చేయి చక్రం వైపు పైకి వాలుతుంది. అప్పుడు కారు ఒరిగే కేంద్రం గరిమనాభికన్నా త్వరగా కిందికి పోయి, ఒరిగే గుణం తగ్గకపోగా పెరుగుతుంది. ఇటువంటి మార్పులు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు చిక్కే అవకాశమూ లేకపోలేదు.

పాత కారుకు నిజంగా కావలసింది చాలాసార్లు కొత్త భాగం కాదు, మొదట ఉన్న గుణాన్ని తిరిగి తెచ్చుకోవడం. ఇందుకు ఫ్రాన్సు కారు పెజో 205 జి.టి.ఐ. మంచి సాక్షి. ఎద్దుమైలారం కర్మాగారం ఏర్పడిన 1984లోనే అదీ వచ్చింది. దాని వెనుక చక్రాలకు ఉన్నవీ సారథ్‌కు ఉన్నటువంటి మెలికల కడ్డీలే. మన అంబాసిడరు ముందు చక్రాలకూ ఇవే ఉండేవి. ఒక కొన బిగించి, రెండో కొనకు చేయి తగిలిస్తే, చక్రం లేచినప్పుడు కడ్డీ మెలితిరుగుతుంది. చోటు తక్కువ పడుతుంది. ఈ పెజో ముసలిదయ్యేసరికి వెనుక చేతుల కీలులోని సూది బేరింగులు అరిగి, చక్రాలు పైభాగంలో లోపలికి వాలిపోతాయి. యజమాని షాక్ అబ్జార్బర్లు మార్చి, టైర్లు మార్చి విసిగిపోతాడు. లోపం మాత్రం బయటికి కనబడని బేరింగులో ఉంటుంది.

మన ఎండలకు రబ్బరు బుష్షులు గట్టిపడి పగులుతాయి. అప్పుడు బ్రేకు వేయగానే చక్రం తన దిశ తానే మార్చుకుంటుంది. స్టీరింగు సరిగా లేదని మనిషి అనుకుంటాడు. టైరు గీతలు నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదై ఉండవచ్చు. పక్కగోడ మీది నాలుగంకెల సంఖ్య దాని పుట్టినతేదీ: 2316 అని ఉంటే 2016లో 23వ వారం. పెద్ద రిమ్ములూ పలుచని టైర్లూ వేస్తే చూపుకు బాగుంటుంది గాని, గాలి అనే ఆ బరువులేని స్ప్రింగును కోసుకున్నట్లే. పైగా స్ప్రింగు కింద ఎగిరే బరువు పెరిగి షాక్ అబ్జార్బరుకు పని ఎక్కువవుతుంది. ఇవన్నీ సరిచేసి, చక్రాల కోణాలు సరిచూసుకున్న తరువాత కూడా ఒరుగుడు ఎక్కువనిపిస్తే, షూస్టరు చేసినట్లు అడ్డకడ్డీ గురించి ఆలోచించవచ్చు.

ఒక కారు ఎంత మెత్తనో కొలవడానికి యంత్రాలు అక్కరలేదు. బరువుకు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు అణిగిందో తెలిస్తే, ఆ సంఖ్య వర్గమూలంతో 5ను భాగించాలి. వచ్చినది సెకనుకు ఊగుల సంఖ్య. సమతల నేల మీద నిలిపిన కారు వెనుక సీటు మడిచి, ఇరుసుకు సరిగ్గా పైన 50 కిలోల బియ్యం బస్తాలు రెండు పెట్టి, మడ్‌గార్డు అంచు ఎంత దిగిందో స్కేలుతో కొలవాలి. నాలుగు సెంటీమీటర్లు దిగిందనుకుందాం. వెనుక స్ప్రింగులు మామూలుగా మోసే బరువు 320 కిలోలైతే, ఆ బరువుకు 12.8 సెంటీమీటర్లు అణిగినట్లు. ఊగులు సెకనుకు 1.4. ముందు భాగానికీ ఇదే చేసి, రెండు సంఖ్యలనూ పక్కపక్కన రాసుకోవాలి. ముందు సంఖ్య పెద్దదిగా వచ్చిందంటే, ఆ కారు ముందు స్ప్రింగుల మీద ఎవరో ఎప్పుడో రంపం పెట్టారేమో వంగి చూడవలసిందే.