పదో తరగతి గడప

1918లో ఏడవ నిజాం నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ. తెలుగింటి పిల్లవాడు అక్కడ చదవాలంటే ముందు ఉర్దూ నేర్చుకోవలసిందే. 1948 తరువాత ఆ పద్ధతి పోయి ఇంగ్లీషు వచ్చింది.

సరిగ్గా నూరేళ్లకు, 2018లో, తెలంగాణ శాసనసభ బడులన్నిటిలో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఒకటి, ఆరు తరగతులతో మొదలుపెట్టి క్రమంగా పదో తరగతి దాకా అమలు జరపాలని అందులోని ఏర్పాటు. ఆనాడు తెలుగు పిల్లలు పడ్డ కష్టం ఈనాడు ఉర్దూ మీడియం పిల్లల వంతు అయింది.

అందుకని చట్టాన్ని తప్పు పట్టలేము. బజారులో గాని, కచేరీలో గాని తెలుగు రానిదే మనకు గడవదు కదా! అయితే పరీక్ష పెట్టేవారు ముందు పంతులునివ్వాలి. మినహాయింపు కోరడం కన్నా, ప్రతి ఉర్దూ బడికీ మంచి తెలుగు పంతులును అడగడమే మేలని మా అభిప్రాయం. ఇంట్లో అమ్మీ నేర్పే ఉర్దూ, బడిలో తెలుగు రెండూ వస్తే, ఇన్షా అల్లాహ్, మన బిడ్డలు ఆ గడపను ధైర్యంగా దాటుతారు.