పాట నడక: ఐవ్స్, గురజాడ, ధింసా

అరకులోయలో ఇటుకల పండుగ నాటి ధింసాను చూసిన విద్యార్థులకు ఈ పాఠం సులువుగా బోధపడుతుంది. మహిళలు ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసి వరుస కడతారు. తుడుము, డప్పు, కిరిడి మోగుతుంటే ఆ వరుస వంపులు తిరుగుతుంది. అక్కడ పాటనూ అడుగునూ విడదీయలేం. సంగీతంలో గతిని మనం ‘నడక’ అనడం ఇందుకు తగినట్టే ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఇద్దరు వ్యక్తులు, ఒకరికొకరు తెలియకుండానే, పాటకు కొత్త నడక వెతికారు.

మొదటివారు అమెరికా స్వరకర్త చార్లెస్ ఐవ్స్ (1874–1954). ఆయన వృత్తి జీవిత బీమా వ్యాపారం. 1906 నాటి ‘పంజరం’ ఒక నిమిషం పాటి పాట. పంజరంలో చిరుతపులి అటూ ఇటూ తిరుగుతుంది. మాంసం వచ్చినప్పుడే ఆగుతుంది. చాలాసేపు చూసిన బాలుడికి జీవితమూ ఇంతేనా అన్న సందేహం కలుగుతుంది. ఈ పాటలో తాళ విభజన లేదు. గాత్రంలోని స్వరాలు చాలావరకు సమాన నిడివితో, సమాన అంతరాలతో సాగుతాయి. మన గోప్రియ రాగంతో పోల్చి చూడండి: అందులోనూ స్వరాల మధ్య దూరం సమానం, పంచమం ఉండదు. అందుకే గొంతుకు నిలకడగా ఆగే చోటు దొరకదు. పులి అవస్థను మాటలకంటే ముందు స్వరాలే చెబుతాయి.

రెండోవారు విజయనగరం సంస్థానంలో కొలువు చేసిన గురజాడ అప్పారావు (1862–1915). 1910లో ఆయన ముత్యాల సరాన్ని ప్రవేశపెట్టారు. మూడు, నాలుగు మాత్రల గణాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. మొదటి మూడు పాదాలకు పద్నాలుగేసి మాత్రలు. నాలుగో పాదం కురచ. ప్రాస నియమాన్ని ఆయన వదిలేశారు. వాడుక మాట సహజంగా పద్యంలో ఇమిడింది.

ఇద్దరూ నియమాలను సడలించారు గాని గమ్యాలు వేరు. ఐవ్స్ తాళాన్ని తీసేసి బందీ నడకను వినిపించారు. గురజాడ పదిమంది కలిసి పలకగల నడకను కట్టారు. కాబట్టి ప్రయోగమంటే పాతదాన్ని తోసివేయడం మాత్రమే కాదు. చెప్పదలచిన విషయానికి తగిన అడుగును కనుక్కోవడం.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఒక మాట గమనించాలి. ఐవ్స్ 1922లో తన పాటలు 114 సొంత ఖర్చుతో అచ్చువేసి ఉచితంగా పంచారు. గురజాడ రచనలు అచ్చులో నిలిచాయి. అందుకే వారి పేరు, తేదీ మనకు తెలుసు. ధింసా పాటకు కొత్త మలుపు ఇచ్చినవారి పేరు ఏ పుటలోనూ లేదు. పేరు దొరకనంత మాత్రాన ప్రయోగం జరగలేదనుకోవడం పొరపాటు.

అభ్యాసం: మీ ఊళ్లో పెద్దవారు పాడే ఒక పాటను వారి అనుమతితో రాసుకోండి. ఎవరు పాడారో, ఏ పనిలో, ఏ అడుగుకు పాడారో, ఏ తేదీన విన్నారో తప్పక చేర్చండి.